మానవజాతికి సాక్షియగు నాదమేది?

ఒక యూరినుండి వేరొక యూరికి కబురు పంపవలసివచ్చినప్పుడు ఎవరిని పంపవలెననునది చిన్న ప్రశ్న కాదు. వెళ్లినవాని మాటను బట్టియే పంపినవారి మంచిచెడ్డలను ఎదుటివారు నిర్ణయింతురు. ధనవంతుని పంపవలెనా, విద్వాంసుని పంపవలెనా, మాట నేర్పు గలవానిని పంపవలెనా యని పెద్దలు రచ్చబండపై కూర్చుండి ఆలోచింతురు. అయితే కబురందుకొనువారెవరో తెలియకున్నచో? వారికి ఈ లోకపు భాషలలో ఒక్కటియు రాకున్నచో? వారసలు ఉన్నారో లేరో కూడ తెలియకున్నచో? పంపవలసినది మనుష్యుని గాక ఒక్క పాటను మాత్రమే యైనచో, సమస్త మానవజాతి పక్షమున నిలువదగిన ఆ పాట యేది?

ఇది పొద్దుపోని వారు కల్పించుకొన్న ప్రశ్న కాదు. 1977వ సంవత్సరమున అమెరికా దేశపు అంతరిక్ష సంస్థ వాయేజర్ అను పేరుగల రెండు నౌకలను పంపెను. రెండవది ఆగస్టు 20వ తేదీన, మొదటిది సెప్టెంబరు 5వ తేదీన బయలుదేరినవి. బృహస్పతి, శని మొదలగు గ్రహములను పరీక్షించిన పిమ్మట అవి తిరిగి రావు. సూర్యకుటుంబమును విడిచి నక్షత్రముల నడిమి చీకటిలో సాగిపోవుచునే యుండును. ఎన్నడైన ఎవరికైన దొరకునేమో యని ఒక్కొక్క నౌకకు బంగారు పూత పూసిన రాగి పళ్లెము నొకదానిని తగిలించిరి. అది పండ్రెండంగుళముల గ్రామఫోను రికార్డు. దానిని ఎట్లు త్రిప్పి వినవలెనో మూతపై బొమ్మలతో చెక్కిరి. అందులో ఏమి యుండవలెనో నిర్ణయించు భారము కార్ల్ సేగన్ అను ఖగోళ శాస్త్రజ్ఞునిపై, ఆయనతోడి కొద్దిమందిపై పడెను. వారికి దొరకిన వ్యవధి కొన్ని మాసములు మాత్రమే.

ఆ పళ్లెమున వాన, గాలి, ఉరుము మొదలగు ధ్వనులు కలవు. ఏబదియైదు భాషలలో పలుకరింపులు కలవు. వానిలో తెలుగు ఒకటి, కన్నడము మరొకటి. వానితోపాటు ఇరువదియేడు సంగీత ఖండములు, దాదాపు తొంబది నిమిషముల పాటు వినదగినవి, చేర్పబడినవి. భారతదేశము పక్షమున చోటు చేసికొన్నది ఒక్కటే. గోవా ప్రాంతపు కేరి గ్రామమున 1892లో పుట్టిన కేసర్‌బాయి కేర్కర్ భైరవి రాగమున పాడిన "జాత్ కహా హో" అను పాట అది. దాని నిడివి మూడున్నర నిమిషములు. ఎక్కడికి పోవుచున్నావని అడుగుట ఆ పేరునకు అర్థము. ఒంటరిగా పోవు నౌకకు అంతకంటె తగిన పలుకరింపు వేరొకటి దొరకదు. మొదటి నౌక బయలుదేరిన పదునొకండవ నాడు, అనగా సెప్టెంబరు 16న, ఆ గాయని కన్నుమూసెను.

ఈ సంగతి విన్న తెలుగువానికి మొదట సంతోషము, వెంటనే కొంత వెలితి కలుగుట సహజము. త్యాగరాజు కీర్తన యొక్కటియు లేదే, కర్ణాటక సంగీతమున కేమి లోపమైనదని అతడు అడుగును. బాక్ అను జర్మను విద్వాంసుని రచనలు మూడు, బీథోవెనువి రెండు చేర్చినప్పుడు, ఇంత పెద్ద భారతదేశమునకు ఒక్క పాటయేనా యని కూడ అడుగును. ఈ యభియోగము న్యాయమైనదే. ఎన్నుకొన్నవారు ఒక దేశమువారు. తమ చెవికి అలవాటైనదే వారికి ముందుగా తోచినది. జానపద గీతములను సేకరించిన అలన్ లోమాక్స్ వంటివారు నానాజాతుల పాటలను సూచింపగా ఆ పట్టిక కొంత విశాలమైనది. అయినను ఎన్నిక యన్నచోట వెలితి తప్పదు. ఒకదానికి పీట వేయుట మిగిలినవానిని గుమ్మము బయట నిలుపుటయే.

ఈ వెలితి నెరిగిన కవి తెలుగున నొకడు కలడు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైల యాత్రికులను వర్ణించుచు, వారు పాడుకొనిన పాటలను పేరుపేరున చెప్పెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, వాలేశు పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని ఆయన ఎంచెను. వీనిలో ఏది గొప్పదని ఆయన తీర్పు చెప్పలేదు. కొండదారిని నడచు భక్తులలో ఎవరి నోటి పాటయు తక్కువ కాదని ఆయన యెరుగును. అయితే పేర్లు మాత్రమే మిగిలినవి. ఆ యాత్రికుల కంఠధ్వని ఈనాటివారికి వినబడదు. ఆనాడు ఒక్క పాటనైనను ఇత్తడి రేకుపై నిలుపగల యుపాయముండినచో ఆయన దేనిని నిలిపెడివాడో! అట్టి యుపాయము చేతికి వచ్చినప్పుడు, అన్నియు సమానమే యని చెప్పి తప్పించుకొనుట కుదరదు. ఒకటే పట్టు చోటున్నప్పుడు ఒకటి యెన్నవలసినదే.

అట్లెన్నుటకు మూడు మార్గములు కానవచ్చుచున్నవి.

మొదటిది, అన్నిటికంటె ఉత్తమమైనదానిని పంపవలెననుట. అమెరికా దేశపు వైద్యుడును, రచయితయునగు లూయిస్ థామస్ ఇట్టి సందర్భమునకు బాక్ సంగీతమునంతటిని పంపుదునని 1974లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను; అది గొప్పలు చెప్పుకొనుటయే యగునని కూడ తానే ఒప్పుకొనెను. ఆ చమత్కారములో పెద్ద సత్యమున్నది. ఉత్తమమనునది ఏ కొలతతో తేలును? గణితమువంటి కూర్పును మెచ్చువాడు బాక్‌ను ఎన్నును. గమకమును మెచ్చువాడు వేరొకరిని ఎన్నును. కొలబద్ద చేతబట్టినవాడు తన యింటినే కొలుచుకొనును. అంతియే కాదు. పరిచయము లేనివారి వాకిట నిలిచి తన పాండిత్యమును ప్రదర్శించువాడు తాను విద్వాంసుడనని మాత్రమే తెలుపగలడు. తాను మనుష్యుడనని తెలుపలేడు.

రెండవది, అందరికిని ఉమ్మడియైనదానిని పంపవలెననుట. జోలపాట లేని జాతి కానరాదు గనుక జోలపాటయే తగినదని కొందరనవచ్చును. ఈ వాదము మనస్సునకు ఇంపైనది. వాయేజర్ పళ్లెమునను పసికందు ఏడుపును, తల్లి పలుకును చేర్చిరి. అయినను ఒక సందేహము మిగులును. జోలపాట తన బిడ్డకు పాడునది. తనవారి యెడల మెత్తదనము పులికిని కలదు, పక్షికిని కలదు. మనుష్యుని మనుష్యత్వము పరీక్షకు నిలుచునది తనవాడు కానివాని యెదుట. పొరుగు లోకమునకు పంపు సందేశము తనవారికి పాడుకొను పాటయైనచో, అది మధురమే గాని సంపూర్ణము కాదు.

మూడవది, సత్యమైనదానిని పంపవలెననుట. ఇదియే కష్టమైనది. పళ్లెమున నూటికి మించిన చిత్రములను కూర్చినప్పుడు యుద్ధము, రోగము, నేరము, దారిద్ర్యము చూపరాదని ఆ సంఘమువారు నిశ్చయించుకొనిరి. బెదరింపుగా తోచునేమో యని వారు సంశయించుట అర్థము కానిది కాదు. పెండ్లి చూపులనాడు ఇంటిలోని అప్పు పత్రములను ఎవరును బయట పెట్టరు. కాని చిత్రము దాచినదానిని నాదము దాచలేదు. కంఠము వణకినచో ఆ వణకు వినబడును. అందుచేతనే ఆ పళ్లెమున మానవుని గూర్చిన నిజము చిత్రములలో కంటె పాటలలో ఎక్కువగా నున్నది.

అట్టి నిజము చెప్పు పాట యొకటి అందు కలదు. బ్లైండ్ విల్లీ జాన్సన్ అను నల్లజాతి గాయకుడు 1927 డిసెంబరులో డాలస్ నగరమున దానిని రికార్డు చేసెను. అతడు అంధుడు, వీథులలో గిటారు వాయించుచు దైవగీతములు పాడి పొట్ట పోసికొన్నవాడు. అంతయు కలిపి అతడు రికార్డు చేసినవి ముప్పది పాటలు మాత్రమే. చీకటి రాత్రిని, చల్లని నేలను పేర్కొను పాత క్రైస్తవ కీర్తన యొకటి కలదు. జాన్సన్ ఆ కీర్తన పేరు నిలిపి, మాటలను విడిచిపెట్టెను. మూడు నిమిషములకు పైగా అతడు మూలుగుచు, కూనిరాగము తీయుచు, గిటారు తంతిపై జారుడు స్వరములతో తన కంఠమునకు తానే బదులు పలుకుచుండును. భాష యెరుగనివాడు ఆ పాటలో పోగొట్టుకొనునది ఏమియు లేదు. రాత్రి వేళ తలదాచుకొన చోటు లేని మనుష్యుని స్థితిని అది తెలుపుచున్నదని సేగన్ దానిని ఎన్నుకొన్న కారణమును చెప్పెను. ఆ స్థితి గాయకునకు కొత్తది కాదు. అతడు 1945లో మరణించెను. ఇల్లు కాలిపోగా, తడిసిన పరుపుపైననే పండుకొని జబ్బుపడెనని అతని భార్య తరువాత చెప్పెను.

ఒకటే పాట పంపవలసివచ్చినచో అది ఇదియే కావలెననుటకు బలమైన కారణములు కలవు. తన చుట్టు తాను తిరుగుచు సూర్యునివంటి నక్షత్రము నాశ్రయించిన లోకమేదైనను, దానికి రాత్రి యుండును. రాత్రి యెరిగినవారు వెలుగు కొరకు ఎదురుచూచుటను ఎరుగుదురు. ఈ పాటలో గొప్ప చెప్పుకొనుట లేదు; అట్లని నేర్పు తక్కువ కాదు. మఱియు, పంపిన దేశము దాచిన సంగతిని ఇది దాచలేదు. జాన్సన్ జీవించిన టెక్సాసులో నల్లవారికి వేరు బడులు, వేరు బండ్లు నుండినవి. ఏ మనుష్యుని తమతో సమానముగా కూర్చుండనీయలేదో, ఆ మనుష్యుని కంఠమే యిప్పుడు అందరి పక్షమున పోవుచున్నది. ఊరి వెలుపల నుంచబడినవానిని అనుభవ మంటపమునకు పిలిచిన బసవేశ్వరుని మార్గమెరిగినవారికి ఇందలి న్యాయము విడమరచి చెప్పనక్కరలేదు. తన దేహమునే వీణగా చేసి వాయింపుమని ఆ మహనీయుడు కూడలసంగమదేవుని వేడుకొన్నాడు. వాద్యము కొనలేనివానికిని దేహము కలదు. మాట రానివానికిని శ్వాస కలదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. మానవుని జీవితములో ఆనందము లేదా? పంటనూర్పు పాటలు, పెండ్లి పాటలు, భజనలు లేవా? దుఃఖమునే పంపుట పక్షపాతము కాదా? దీనికి సమాధానము అతిథి ధర్మములో నున్నది. అర్ధరాత్రి తెలియని యూరు చేరిన బాటసారి తలుపు తట్టి తన వంశమును, తన యింటి పండుగలను వర్ణింపడు. దారి తప్పితిని, ఈ రాత్రికి చోటు కావలెనని మాత్రమే చెప్పును. ఆ మాటకు తలుపు తెరచుకొన్న పిమ్మట పండుగ ముచ్చట్లకు కావలసినంత కాలముండును. తన లేమిని ఒప్పుకొనువాడే ఎదుటివానికి అతిథేయుడగు అవకాశమునిచ్చును. నిండుకుండగా వచ్చినవానికి పోయుటకు ఎదుటివారికి చోటెక్కడిది?

ఇంతకును ఆ పాటను ఎవరైన విందురా? మొదటి నౌక 2012 ఆగస్టులోను, రెండవది 2018 నవంబరులోను సూర్యుని గాలి వీచు మేరను దాటినవి. మొదటి నౌక సుమారు 40,000 సంవత్సరములకు గ్లీసె 445 అను నక్షత్రమునకు దాపునకు వచ్చును. ఆ దాపు కూడ 1.6 కాంతి సంవత్సరముల దూరము. వినువారు దొరకుట బహు దుర్లభమని పంపినవారికిని తెలియును. కనుక ఆ యెన్నిక ఫలము పైలోకమున గాక యిచటనే వెదకవలెను. అద్దమున చూచుకొన్నవానికి ముఖము తెలిసినట్లు, ఏ పాట తమకు సాక్షి యని ఎంచుకొన్నవారికి తామెవరో తెలియును. గొప్పను ఎన్నుకొన్నచో గర్వము, ఉమ్మడిని ఎన్నుకొన్నచో మమకారము, చోటు లేనివాని మూలుగును ఎన్నుకొన్నచో ఒక బాధ్యత వెంట వచ్చును.

ఆ బాధ్యత చాల సామాన్యమైనది. ఇల్లు లేనివాని పాటను తమ పాటగా నక్షత్రములకు వినిపించినవారు, అరుగుపైన చలికి ముడుచుకొని పండుకొన్నవాని మూలుగును వినలేదనుటకు వీలులేదు. ఏ లోకమువారో తలుపు తీయుదురని ఆశించి పాట పంపిన మానవుడు, ఆ రాత్రి తన తలుపు గడియ తీసినాడా లేదా యనునదే ఆ పాటకు నిజమైన పరీక్ష.