ఒంటి గుర్రం మీద దుంగ నిలవదు



మే నెల మొదటి తేదీన తిరుసభ పునీత యోసేపుగారిని కార్మికునిగా స్మరిస్తుంది. 1955లో పన్నెండవ పియూసు పాపుగారు ఈ పండుగను నెలకొల్పారు. మన ఊళ్ళలో ప్రేమతో జోజప్పగారని పిలుచుకునే ఆ మహనీయుని పటాల్లో రంపమో, బాడిసో, మూలమట్టమో కనిపిస్తుంది. రంపం కింద చెక్కను మోస్తూ నిలబడే వస్తువు మాత్రం ఎవరి కంటా పడదు. ఈ వారం ఆ వస్తువును గురించి ధ్యానిద్దాం. ధ్యానించి ఊరుకోక, వీలైన కుటుంబాలు దానిని ఇంట్లో చేసుకోవచ్చు కూడా.

నాలుగు కాళ్ళు, పైన ఒక దూలం, అంతే దాని రూపం. అటువంటివి రెండు ఎదురెదురుగా నిలబెట్టి, వాటి మీద చెక్కను పెట్టి కోస్తారు, చిత్రిక పడతారు. ఇంగ్లీషువారు దీనిని రంపపు గుర్రమంటారు. మనమూ ఇక్కడ గుర్రమనే అందాం.

చిలమత్తూరు, లేపాక్షి, హిందూపురం పల్లెల్లో మన వడ్రంగి అన్నలు నేల మీదనే కూర్చొని, చెక్కను కాలితో తొక్కిపట్టి కోస్తారు. ఆ నేర్పు తరతరాలది, గౌరవించదగినది. కానీ నలభై ఏళ్ళు దాటాక ఆ మోకాళ్ళను, ఆ నడుమును అడిగి చూడండి. రంపం జారితే తెగేది కాలే. పని నేల మీద ఉంటే మనిషి వంగాలి. పనిని కాస్త పైకెత్తితే మనిషి నిటారుగా నిలబడతాడు. ధర్మవరం నేతగాళ్ళు మగ్గం కింద గుంట తీసుకొని అందులో కాళ్ళు దించి కూర్చోవడంలో ఉన్న ఆలోచన కూడా ఇదే. ఒంటికి తగినట్టు పనిముట్టును అమర్చుకున్నారు.

జంతువులకు దేవుడు కొమ్ములు, గోళ్ళు ఇచ్చాడు. మనిషికి వాటికి బదులుగా బుద్ధిని, చేతులను ఇచ్చాడని, వాటితో మనిషి లెక్కలేనన్ని పనిముట్లు చేసుకోగలడని పునీత తోమాసు అక్వీనాసుగారు బోధించారు. 1981లో రెండవ జాన్ పాల్ పాపుగారు శ్రమను గురించి రాసిన విశ్వలేఖలో దీనికి తోడైన మాట ఉంది: పని ఉన్నది మనిషి కోసం, మనిషి ఉన్నది పని కోసం కాదు. కొయ్య గుర్రం ఈ బోధకు చాలా చవకైన సాక్ష్యం. కార్మికుని నడుము కూడా దేవుని సృష్టే అని అది చెబుతుంది.

ఇక చేసే విధానం. టేకు అక్కరలేదు. వేప, తుమ్మ, ఇల్లు కట్టగా మిగిలిన సెంట్రింగ్ చెక్క, ఏదైనా సరే. బాగా ఎండినదై ఉండాలి, పచ్చి చెక్క ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది. ఒక్కో గుర్రానికి మూడడుగుల దూలపు ముక్క ఒకటి కావాలి. అది నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉంటే చాలు. కాళ్ళకు రెండడుగుల రెండంగుళాల పట్టెలు నాలుగు తీసుకోండి. రెండు కాళ్ళను నేల మీద పరచి, పైన దూలం పట్టేంత సందు వదలి, కింద అడుగున్నర ఎడం చేయండి. పైన దూలం కూర్చునే చోట అడుగు పొడవున్న పట్టె ఒకటి, నడుమ అడుగున్నర పట్టె ఒకటి అడ్డంగా పెట్టి బిగించండి. ఇలాంటి చట్రాలు రెండు చేసి, వాటి నోళ్ళలో దూలాన్ని నిలువుగా కూర్చోబెట్టి బిగించాలి. పొడవు వైపు ఊగకుండా నడిమి పట్టెలను మరొక పట్టెతో కలపాలి. గట్టి చెక్కకు ముందు బర్మాతో రంధ్రం చేసి మేకు కొట్టండి, లేకుంటే చీలుతుంది. ఆపైన సమతలంగా ఉన్న కడప బండ మీద నిలబెట్టి, ఊగే కాలు ఏదో చూసి, పొడవైన కాళ్ళను సరిచేయండి. ఇదే కొలతతో రెండవ గుర్రం చేయాలి. ఎత్తు సుమారు రెండడుగులు, అంటే మోకాలికి కాస్త పైకి వస్తుంది. చేతి రంపానికి అది సరిపోతుంది, చెక్కను మోకాలితో అదిమి పట్టవచ్చు. చిత్రిక పనికైతే తుంటి ఎత్తు మేలు.

రెండవ గుర్రం ఎందుకని పిల్లలు అడుగుతారు. ఒకదాని మీద పొడవాటి చెక్కను పెట్టి చూపించండి. ఒక కొన లేస్తుంది, ఇంకో కొన నేలకు వాలుతుంది. గుర్రం ఎంత గట్టిదైనా అంతే. అది గుర్రం లోపం కాదు, ఒంటరితనం.

నిర్గమకాండము పదిహేడవ అధ్యాయంలో మోషే చేతులెత్తి ఉన్నంతసేపు ఇశ్రాయేలీయులు గెలిచారు. చేతులు అలసిపోయాయి. అప్పుడు అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క నిలబడి సూర్యాస్తమయం వరకు ఆ చేతులను మోశారు. అంతటి ప్రవక్తకే రెండు ఆధారాలు కావలసివచ్చాయి. యేసుప్రభువు వడ్రంగిగా నాగళ్ళు, కాడులు చేశాడని రెండవ శతాబ్దపు వేదసాక్షి పునీత జస్టిన్‌గారు రాశారు. కాడి రెండు ఎద్దులకని ఆయన చేతులకు తెలుసు. భారం మోసి అలసినవారిని తన కాడి ఎత్తుకొమ్మని ఆయనే పిలిచాడు.

ఇప్పుడు మన ఇళ్ళను చూద్దాం. వానలు మొగం చాటేసిన ఏట మన ప్రాంతపు మగవారు కొడికొండ చెక్‌పోస్టు దాటి బెంగుళూరు పనులకు పోతారు. ఇంటి దగ్గర పాడి, పిల్లల ఫీజులు, ముసలి అత్తమామల మందులు, పొదుపు సంఘం కంతు, అన్నీ ఒక ఇల్లాలి వీపు మీదకు వస్తాయి. అక్కడ రేకుల షెడ్డులో వేళకు తిండి లేక, మాట్లాడే మనిషి లేక ఆ భర్త కూడా ఒంటి గుర్రమే. కొందరు ఆ ఒంటరితనాన్ని సారాయిలో ముంచుతారు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నా ఒకరే మోసే ఇళ్ళు మరికొన్ని. అన్నలారా, డబ్బు పంపడంతో మీ వంతు తీరలేదు. ఫోనులో లెక్కలు అడిగే ముందు, “నీకు ఏది బరువుగా ఉంది?” అని అడగండి. అక్కలారా, మీరూ ఆ మాటే అడగండి.

వడ్రంగులకు తెలిసిన జాగ్రత్తలు మరో రెండు ఉన్నాయి. గుర్రం వీపులో మేకు పైకి మిగలకూడదు, రంపం పళ్ళు విరుగుతాయి. భారం మోస్తూనే పాత పగను మేకులా లోపల దాచుకునేవారుంటారు. ఏదో ఒకనాడు మామూలు మాట దానికి తగిలి ఇల్లంతా గాయపడుతుంది. రెండవది, ముక్కను కోసేటప్పుడు కోత రెండు గుర్రాల నడుమ పడకూడదు. చెక్క కుంగి రంపాన్ని పట్టేస్తుంది. కోత బయటి వైపు పడాలి. మూడవవారి మాటల రంపాన్ని భార్యాభర్తలు తమ నడుమకు రానివ్వకూడదు.

మరి రెండవ గుర్రమే లేని ఇళ్ళ మాటేమిటి? మన విచారణలలో వితంతువులున్నారు, భర్త విడిచి వెళ్ళిన చెల్లెళ్ళున్నారు, భార్యను పోగొట్టుకొని చిన్నబిడ్డలతో మిగిలిన తండ్రులున్నారు. సువిశేషాలలో యోసేపుగారి మాట ఒక్కటీ లేదు. ప్రభువు బోధించడం మొదలుపెట్టేనాటికే ఆయన కన్నుమూశారని తిరుసభ పెద్దలు చెబుతూ వచ్చారు. అంటే మరియమ్మగారు కూడా ఒంటరిగా మోసిన తల్లే. ఆ వడ్రంగి కుమారుడు సిలువ మీద, తనకు ఊపిరి అందని ఘడియలో, తల్లి పక్కన ప్రియశిష్యుణ్ణి నిలబెట్టాడు. ఆ క్షణం నుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. యేసు చేసిన చివరి ఏర్పాటులలో అది ఒకటి. ఒంటరిగా మోస్తున్న వ్యక్తి పక్కన మరొకరిని నిలబెట్టడం ఆయన తన చావు బాధలోనూ మరచిపోలేదు. మనం సుఖంగా ఉండి మరచిపోవచ్చునా?

కాబట్టి ఈ మే ఒకటిన, దివ్యబలిపూజ తరువాత, తండ్రులు కొడుకులను, కూతుళ్ళను కూర్చోబెట్టుకొని ఒక జత గుర్రాలు చేయండి. పిల్లల చేత కొలతలు పెట్టించండి, ఒక మేకు వంకర పోయినా కసరకండి. అదే వారంలో మీ వీధిలో ఒంటరిగా మోస్తున్న ఒక ఇంటి తలుపు తట్టండి. కూలిన పశువుల కొట్టం నిలబెట్టడమో, బ్యాంకు కాగితం నింపడమో, ఆసుపత్రికి తోడు వెళ్ళడమో, ఏదో ఒక కొనను మీరు పట్టుకోండి. విచారణలోని విన్సెంట్ డి పాల్ సభ్యులకు మాత్రమే వదలివేయకండి.

నజరేతు కుటుంబాన్ని మౌనంగా మోసిన పునీత యోసేపుగారా, మోస్తున్నవారి నడుములకు బలాన్ని, చూస్తూ నిలబడిన మాకు కదిలే మనసును మీ ప్రార్థన ద్వారా సంపాదించి పెట్టండి. ఆమెన్.