అంతర్జాతీయమైనది విద్యా? రుసుమా?

విద్యకు ఎల్లలు లేవని విశ్వవిద్యాలయాలన్నీ చాటుతున్నాయి. ఈ మాటను నేను కాదనను. 7వ శతాబ్దంలోనే హ్యుయాన్‌త్సాంగ్ నలందకు వచ్చి చదువుకున్నాడు. జ్ఞానం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. అయితే ఒకే బల్లమీద కూర్చుని ఒకే పాఠం వినే ఇద్దరిలో, పరదేశి అయినందుకే ఒకరు హెచ్చు రుసుము చెల్లించడం ధర్మమేనా?

బ్రిటన్‌నే తీసుకుందాం. 1967లో అక్కడ స్వదేశ విద్యార్థికి 70 పౌన్లు, విదేశ విద్యార్థికి 250 పౌన్లు అని తేడా పెట్టారు. పెట్టినది లేబర్ ప్రభుత్వమే. 1980లో థాచర్ ప్రభుత్వం చదువుకయ్యే పూర్తి ఖర్చును విదేశ విద్యార్థిపైనే మోపింది. ప్రభుత్వం చాలినంత ధనమివ్వక ఏర్పడిన లోటును ఈ రుసుముతో పూడ్చుకోవడం అక్కడి విశ్వవిద్యాలయాలకు క్రమంగా అలవాటయింది. ఆ విధంగా అతిథి కాస్తా ఖాతాదారుడయ్యాడు.

"ఆ దేశపు పన్నులతో నిలిచిన విద్యాలయం గదా, పన్ను కట్టనివాడు ఎక్కువ ఇస్తే తప్పేమిటి?" అని కొందరు మిత్రులంటారు. ఇది కొట్టిపారవేయదగిన వాదం కాదు. పన్ను కట్టేవారిలో అక్కడి కార్మికుడూ ఉన్నాడు. కాని ఈ లెక్క సగంలో ఆగిపోయింది. మన ప్రభుత్వ కళాశాలలో చదివిన డాక్టరు బ్రిటిషు జాతీయ ఆరోగ్య సేవలో చేరినప్పుడు, అతని చదువుకయిన ఖర్చు ఎవరిది? సబ్బుబిళ్ళ కొన్నప్పుడల్లా పన్ను కడుతున్న మన కూలీది కాదా? ఆ బాకీ ఏ పద్దులోనూ కనబడదు. పన్నే ప్రమాణమయితే ఇద్దరు శ్రామికుల పన్నునూ లెక్కించాలి.

తలుపులు మూసుకోవాలని నేననడం లేదు. అది సంకుచిత జాతీయవాదం. జర్మనీలో నేటికీ అధిక భాగం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీయుల నుంచి బోధనా రుసుము తీసుకోవు. కనుక వేరే మార్గం లేదనడం అబద్ధం.

ఇప్పుడీ ప్రశ్న మన గడపకే వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023లో చేసిన నిబంధనలు విదేశ విద్యాలయాలు ఇక్కడ శాఖలు తెరవడానికి అనుమతించాయి. రుసుమునూ ప్రవేశ పద్ధతినీ నిర్ణయించుకునే స్వేచ్ఛ వాటికే ఇచ్చాయి. రిజర్వేషన్ల నిర్బంధం లేదు. ఇక మన పేదవిద్యార్థి స్వదేశంలోనే పరదేశి కానున్నాడు.

జ్ఞానం అందరిదీ అయితే, దానిని అందుకునే హక్కు కూడా అందరిదీ కావాలి. శ్రామికుని బిడ్డను గుమ్మం బయట నిలిపే చదువుకు ఎన్ని దేశాల జెండాలు కట్టినా అది అంతర్జాతీయం కాదు, వ్యాపారం.