రోముకు చేరిన కార్మికుల మొర



మే 1న మనం శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగ చేసుకుంటాం. 12వ పయస్ పోపుగారు 1955లో దీనిని నెలకొల్పారు. అదే రోజు ఎన్నో దేశాల్లో కార్మిక దినం. ఆ తేదీ వెనుక ఉన్న కథ అమెరికాది. అందులో మన శ్రీసభ ఎదుర్కొన్న ఒక పరీక్ష కూడా ఉంది.

19వ శతాబ్దం చివరి రోజుల్లో అమెరికా చూస్తుండగానే మారిపోయింది. పొలాలనే నమ్ముకున్న దేశంలో ఫ్యాక్టరీలు లేచాయి. రైళ్లు, ఉక్కు, బొగ్గు కొందరిని కోటీశ్వరులను చేశాయి. ఐర్లండు, జర్మనీ, ఇటలీ, పోలండు నుండి ఓడలెక్కి వచ్చిన బీదలు రోజుకు 10, 12 గంటలు చాకిరీ చేశారు. పసిపిల్లలు సైతం గనులకూ మిల్లులకూ కూలికి వెళ్లారు. వారిలో లక్షలాదిమంది కతోలికులు.

1886 మే 1న, 8 గంటల పనిదినం కావాలని కార్మికులు పని ఆపారు. మే 4న షికాగోలోని హేమార్కెట్‌లో బాంబు పేలింది. పోలీసులూ, కార్మికులూ మరణించారు. ఇక కార్మిక సంఘం పేరు వింటేనే పెద్దలు బెదిరిపోయారు.

ఆనాటి అతి పెద్ద సంఘం ‘నైట్స్ ఆఫ్ లేబర్’. 1886లో దానిలో సుమారు 7 లక్షల మంది సభ్యులు. నాయకుడు టెరెన్స్ పౌడర్లీ కతోలికుడే. అయితే అది రహస్యంగా నడిచిన సంఘమని, క్యూబెక్ అగ్రపీఠాధిపతి కోరిక మీద రోము 1884లో దానిని ఖండించింది. ఆ ఖండన అమెరికాకూ వర్తిస్తే బీదవాడు ఏం చేయాలి? సంఘాన్ని వదలాలా, గుడిని వదలాలా?

బాల్టిమోరు అగ్రపీఠాధిపతి కార్డినల్ గిబ్బన్స్ ఈ మొరను తలకెత్తుకున్నారు. 1887 ఫిబ్రవరిలో రోములో విజ్ఞాపన సమర్పించారు. న్యాయం కోసం కూడుకోవడం కార్మికుల హక్కు అన్నారు. ప్రజల హృదయాన్ని పోగొట్టుకుంటే, ధనవంతుల స్నేహం ఆ నష్టాన్ని తీర్చలేదని విన్నవించారు. నియమావళిలో కొన్ని మార్పులు చేసుకుంటే ఆ సంఘాన్ని సహించవచ్చని 1888లో రోము తెలిపింది. 1891 మే 15న 13వ లియో పోపుగారు ‘రేరుమ్ నొవారుమ్’ విశ్వలేఖలో న్యాయమైన కూలినీ, సంఘం కట్టుకునే హక్కునూ లోకానికి చాటారు. షికాగోలో పుట్టిన నేటి పోపుగారు 2025లో లియో అనే పేరును ఎన్నుకున్నది ముఖ్యంగా ఆ విశ్వలేఖను తలచుకునే.

ప్రియులారా, ఆ సంఘానికీ ఒక మచ్చ ఉంది. నల్లజాతివారిని, స్త్రీలను చేర్చుకున్న ఆ కార్మికులే చైనా కూలీలకు మాత్రం తలుపు మూశారు. తనకు న్యాయం అడిగిన నోరే పక్కవానికి కాదన్నది.

మన మాటేమిటి? జీతం ఒక్కరోజు ఆలస్యమైతే మనం గొణుగుతాం. మన ఇంట అంట్లు తోమే తల్లికి, మన పొలంలో నాట్లు వేసే ఆడకూతురికి ఇవ్వవలసింది అనుకున్న రోజున ఇస్తున్నామా? జ్వరమొచ్చి రాకపోతే కూలి కోస్తున్నామా? బిగబట్టిన కూలి దేవుని చెవిని చేరుతుందని పునీత యాకోబుగారు హెచ్చరించారు.

కార్డినల్ గారిలా రోము దాకా వెళ్లనక్కరలేదు. మన గడపలో నిలబడిన మనిషి మొర వింటే చాలు. వడ్రంగి ఇంట పెరిగిన యేసు ప్రభువు మనకు ఆ మనసు దయచేయునుగాక. ఆమెన్.