నిలిచిన స్వరం, కదిలిన ఆధారం

పాశ్చాత్య సంగీతంలో సస్పెన్షన్ అనే ప్రక్రియ ఒకటుంది. ఒకేసారి మోగే స్వరాల కూర్పును కార్డు (chord) అంటారు. అలాంటి ఒక కార్డులో హాయిగా ఇమిడిపోయిన స్వరం ఉంటుంది. ఇంతలో కార్డు మారుతుంది. తోటి స్వరాలు కొత్త స్థానాలకు వెళ్లిపోతాయి, ఆ ఒక్కటి మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. క్షణం క్రితం ఇంపుగా వినిపించిన స్వరమే ఇప్పుడు ఒరుసుకుంటుంది. ఆపైన సాధారణంగా ఒక్క మెట్టు కిందికి దిగి కొత్త కార్డులో కలిసిపోతుంది. సన్నాహం, నిలకడ, విడుదల అనే ఈ క్రమాన్ని 1725లో వియన్నాలో వెలువడిన స్వరకర్త ఫుక్స్ గ్రంథం ‘గ్రాడుస్ అడ్ పర్నాసుమ్’ తరతరాల విద్యార్థులకు నేర్పింది.

మన కచేరీలో తంబురా శ్రుతి కదలదు, స్వరమే సంచరిస్తుంది. సస్పెన్షన్‌లో స్వరం నిలిచి, దాని ఆధారమైన కార్డు కదులుతుంది. ఆ స్వరం ఏ తప్పూ చేయలేదు. దుఃఖం కూడా చాలాసార్లు ఇలాగే వస్తుంది. ప్రేమించిన మనిషి వెళ్లిపోయాక మనలోని ప్రేమ మారదు, దాని కిందనున్న లోకం మారిపోతుంది. ఆ బాధను మన లోపంగా ఎంచనక్కర్లేదు.

కార్డుకు చెందని స్వరాలన్నీ ఒక్క తీరువి కావు. పాసింగ్ టోన్ సాధారణంగా బలహీనమైన మాత్ర మీద తాకి దాటిపోతుంది. రోజువారీ చిరాకులు అలాంటివే. సస్పెన్షన్ ఘర్షణ బలమైన మాత్ర మీదే పడుతుంది, చెవి దాన్ని తప్పించుకోలేదు.

1736లో ఇటలీలోని పొజ్జువోలిలో, క్షయతో క్షీణిస్తున్న స్వరకర్త పెర్గొలేజీ తన చివరి రోజుల్లో ‘స్టాబట్ మాతెర్’ కూర్చాడు. శిలువ చెంత నిలుచున్న మేరీమాత శోకం అందులోని వస్తువు. ఆరంభంలోనే రెండు గొంతులు పక్కపక్క స్వరాల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, ఒకటి దిగుతుంది, మళ్లీ ఒరుసుకుంటాయి. కింద మంద్రస్వరాలు ఆగకుండా నడుస్తూనే ఉంటాయి. ఆ తల్లి పారిపోదు, ఎదురు తిరగదు, నిలుస్తుంది. 26 ఏళ్లకే కన్నుమూసిన ఆ స్వరకర్త సస్పెన్షన్ల గొలుసుతో ఆ నిలకడకు రూపమిచ్చాడు.

ఇలాంటి నిలకడకు మన దగ్గరా ఒక పేరుంది. వేదాంతులు సాధకుడికి చెప్పిన ఆరు సుగుణాల షట్కసంపత్తిలో తితిక్ష ఒకటి. వగపు, ప్రతీకారం లేకుండా దుఃఖాన్ని ఓర్చుకోవడం అది. అయితే ఓర్పు మొండితనం కాదు. దిగవలసిన వేళ దిగని స్వరం మమకారమవుతుంది. నిలవకుండానే జారిపోయిన స్వరానికి లోతు తెలియదు. విడుదలకు కావలసింది ఒక్క మెట్టే. “నేననుకున్నట్టే ఉండాలి” అనే పట్టు నుంచి ఒక్క మెట్టు దిగడం అది. వెళ్లిపోయిన కార్డు కోసం ఎదురుచూస్తే ఆ విడుదల రాదు. వచ్చిన ఆధారంతోనే పొందిక కుదరాలి.

సంగీత శాస్త్రం సస్పెన్షన్ గురించి మరొకటి కూడా చెబుతుంది: ఘర్షణకు ముందు ఆ స్వరం పొందికలో పలికి ఉండాలి. అలాగే జపమైనా ధ్యానమైనా ప్రార్థనైనా సుఖదినాల్లోనే అలవరచుకోవాలి, ఆధారం కదిలినప్పుడు నిలబెట్టేది అదే. ఇక, శోకంలో ఉన్నవారిని తొందరపెట్టకండి. వారి స్వరం తప్పిపోలేదు, దిగే వేళ ఇంకా రాలేదు.