నిలువుదోపిడి మ్రొక్కు

కళ్యాణదుర్గమువంటి మెట్టసీమలో వాన తప్పినయేఁడు పెక్కిండ్లకుఁ గడపటి యాధారము స్త్రీల మెడలోని బంగారమే. తిరుమలయాత్రకుఁ బోయి యొంటిమీఁది నగలన్నియు హుండీలో విడుచుటకు నిలువుదోపిడి యని పేరు. (పేరు పెట్టినవారు మాత్రము సత్యవాదులు!) తన సొత్తును దా నిచ్చుకొనువారితో నాకు వాదము లేదు. మ్రొక్కినవాఁడు భర్తయు, ఒలిచి యిచ్చునది భార్యయు నైనచో నది యెవరి దానము? దుర్భిక్షమునందును, ధర్మకార్యమునందును, వ్యాధియందును, నిర్బంధమునందును భర్త గైకొన్న స్త్రీధనమును మరల నీయ నక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. మ్రొక్కు ధర్మకార్యము గాదా యని కొంద ఱడుగుదురు. కాని యాపట్టికలో మొదటిది దుర్భిక్షము. కఱవునాఁడు బిడ్డల గంజికిఁ గావలసినదానిని హుండీలో వేసి ధర్మమనుట యాస్మృతినే తలక్రిందు చేయుట. స్త్రీధనము భార్య సొంతసొత్తే యని 1985లో సుప్రీముకోర్టును దీర్పు చెప్పినది. ఆమె యనుమతి గైకొనియే యిచ్చుచున్నా మందురు. బంధువులందఱు గుమిగూడి, బస్సు సిద్ధమైయున్నవేళ నడిగినచో నామె కాదనఁగలదా?