తల్లిపై లేచిన చేయి



మన ఓరుగల్లు సీమలో బమ్మెర పోతనామాత్యుని భాగవతము ఇంటివేలుపు వంటిది. అందలి దామోదర లీల వినని గడప అరుదు. ఆ లీలనే ఈ మాసము ఒక కఠిన విషయమునకై స్మరింపవలసియున్నది. మీసమింకను రాని కుమారుడు డబ్బునకో, సెల్‌ఫోనునకో తల్లిపై చేయి చేసికొనుట, అవ్వను త్రోయుట, చెల్లెలిని కొట్టుట నేడు పట్టణములలోను, పల్లెలలోను, గూడెములలోను కలదు. దీనిని కోయవారికో, లంబాడీలకో అంటగట్టరాదు. అగ్రహారములును మినహాయింపు కావు. అయితే దూరపు గూడెములో తల్లికి దిక్కు తక్కువ. ఠాణా దూరము, ఇరుగుపొరుగువారందఱు చుట్టములే, బయటపడినచో కొడుకునకు పిల్ల దొరకదని భయము. కమిలిన చెంపను కొంగుతో కప్పుకొని, జారిపడితినని చెప్పును.

పొయ్యిమీది పాలు పొంగుటచే యశోద చనుబాలు త్రాగుచున్న బాలుని దించి పోయినది. బాలుడు పెదవి కొఱికి, రాతితో కుండ పగులగొట్టెను. బాలురకు కోపము సహజమే. అది కుండమీద తీరినది, తల్లిమీదికి పోలేదు. ఆమె కోల పట్టి వెంటబడినది. పిల్లవాడు బెదరుట చూచి కోల పాఱవైచినది. అయినను విడువలేదు, రోటికి కట్టబూనినది. త్రాడు రెండంగుళములు తక్కువైన ప్రతిమాఱును మఱియొక త్రాడు చేర్చినది. అదియు గోపికలు చూచుచుండగా! పరువు పోవునని తలుపు మూయలేదు. (నేడు కుమారుని త్రాళ్లతో బంధింపుమనుట నా తాత్పర్యము కాదు. హద్దు కట్టుమనుటయే, అదియు నలుగురి యెదుట.)

మథురలో జరిగినది వేఱు. కంసుడు పెండ్లి ఊరేగింపులోనే చెల్లెలి జుట్టు పట్టి కత్తి దూసెను. వసుదేవుడు బ్రతిమాలి ఆ పూట గడపెను. ఆ చేయియే పిమ్మట కన్నతండ్రి ఉగ్రసేనునకు సంకెల వేసినది. మగపిల్లవాడు, వయసు వచ్చినచో తగ్గునను పెద్దలు ఈ ఘట్టము మఱల చదువుదురు గాక.

మల్లూరు హేమాచల నృసింహుని దర్శించు యాత్రికులకు ప్రహ్లాదుడు జ్ఞప్తికి రాకుండునా? తండ్రి పెట్టిన బాధలన్నియు సహించి, ఆ తండ్రి పవిత్రుడు కావలెననియే స్వామిని వేడెను. అందఱు బాలురును ప్రహ్లాదులు కారు. గుడుంబా త్రాగి భార్యను కొట్టు తండ్రి నీడలో పెరిగిన పిల్లలు పలువురకు అదియే పాఠమగును. అట్టి తండ్రి ఏ ముఖముతో కొడుకును దండింప లేచును? ముందు ఆయన చేయి దిగవలెను.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున కుటుంబ హింసపై నియమింపబడిన రాయల్ కమిషన్ 2016లో నివేదిక సమర్పించినది. ఇంటివారిని హింసించు బాలురను గూర్చి ప్రత్యేకముగ విచారించినది. ఆదివాసులకు వారి సంస్థల ద్వారానే సాయమందవలెననియు సూచించినది. మన గూడెములలో కులపెద్ద మాట, వడ్డె మాట ఠాణా కంటె ముందు చేరును గదా!

మన 2015 బాలన్యాయ చట్టము సైతము పదునెనిమిదేండ్లు నిండనివానిని ప్రధానముగ సంస్కరింపదగినవానిగనే చూచును. కావున చేయి లేచిననాడు తల్లి ముందు పొరుగింటికి పోవలెను. పిదప 1098కు గాని, 181కు గాని ఫోను చేయవలెను. సఖి కేంద్రములలో స్త్రీలకు ఆశ్రయమును, సలహాయు లభించును. ఇది కన్నకొడుకును జైలునకు పంపుట కాదు.

మద్దిచెట్లు కూలిన చప్పుడునకు నందుడు పరుగున వచ్చెను. రోటికి కట్టబడియున్న కుమారుని చూచి, నవ్వుచు తానే కట్లు విప్పెను. అప్పటికి గోపకులందఱు ఆ చెట్ల చుట్టును చేరియుండిరి.