ఫిల్టర్ ఆపలేని వెలుగు

దీపావళి అమావాస్య నాడు చంద్రుడుండడు. నెబ్యులాలను, అంటే నక్షత్రాల మధ్య వెలిగే వాయుమేఘాలను, ఫొటో తీయడానికి అది మంచి రాత్రి. కానీ మనముండే అమెరికా నగరాల ఆకాశం ఆనాడు కూడా నల్లబడదు. అందుకే కెమెరాకు ఫిల్టర్ బిగిస్తాం. మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలున్న ఒరాయన్ మండలంలోని నెబ్యులాలో హైడ్రోజన్ ఎర్రగా 656 నానోమీటర్ల వద్ద, ఆక్సిజన్ ఆకుపచ్చగా 501 వద్ద వెలుగుతాయి. ఫిల్టర్ వాటిని రానిచ్చి, మిగతా వెలుగును ఆపుతుంది.

ఇలా తీసిన ఫొటో నిజమేనా? నిజమే. డాక్టర్లం స్టెతస్కోపు పెట్టినప్పుడు గదిలో మాటలు ఆపమంటాం. గుండె చప్పుడును కల్పించం.

కానీ ఫిల్టర్‌తో మన బాధ్యత తీరుతుందా? పాత సోడియం వీధిదీపాల వెలుగు ఎక్కువగా పసుపు, నారింజ రంగుల్లోనే ఉండేది, ఆపడం తేలిక. తెల్లని ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరచుకుంటుంది. ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగూ అంతే. ఒకదాన్ని ఆపితే రెండోదీ ఆగిపోతుంది. పైగా పక్కింటి పిల్లవాడి కంటికి ఫిల్టర్ లేదు. మన ఫొటో మనం దక్కించుకుని, వాడి ఆకాశాన్ని మన దీపాలతో కప్పేయడం ధర్మం కాదు.

ప్రమిద నూనె అయిపోగానే కొండెక్కుతుంది. పెరటి లైటు మాత్రం తెల్లవార్లూ ఆకాశంలోకి వెలుగుతూనే ఉంటుంది. ఈ పండుగకు దాన్ని నేలవైపు తిప్పుదాం, పడుకునే ముందు ఆపేద్దాం. అందరికీ దీపావళి శుభాకాంక్షలు.